గుమ్మానికి అడ్డంగా

నా చిన్నప్పుడు గుమ్మం మీద కూర్చున్నందుకు తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప మీద కూర్చుంటే లక్ష్మీదేవి లోపలికి ఎలా వస్తుందని మా నాయనమ్మ జడ పట్టుకుని లేపేది. అంత పెద్ద దేవత వస్తే నేను పక్కకు జరగనా అని లోపల అనుకునేదాన్ని. పైకి అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. జగ్గయ్యపేట బజారులో మాకు కిరాణా కొట్టు ఉండేది. కొట్టు నాన్నది, ఇల్లు నాయనమ్మది. అమ్మ వాళ్ళిద్దరి మధ్యా గాజుల చప్పుడు కూడా పెద్దగా కానివ్వకుండా తిరుగుతూ ఉండేది.

మా పక్కింట్లో ఒక అత్తయ్య ఉండేది. మాకు చుట్టమేమీ కాదు, వరస కలుపుకుని అలా పిలిచేవాళ్ళం. వాళ్ళాయన మిరపకాయల కొట్టులో గుమస్తా, నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళకు పిల్లలు లేరు. అత్తయ్య పుట్టింటివాళ్ళది నందిగామ దగ్గర మున్నేటి ఒడ్డున ఒక పల్లె. వానలు మొహం చాటేసిన ఏడాది వాళ్ళ నాన్న పెళ్ళాన్నీ, పసిపిల్లగా ఉన్న ఈవిడనీ వెంటబెట్టుకుని మద్రాసులో ఓడెక్కి, మలయా దేశపు రబ్బరు తోటల్లో కూలికి వెళ్ళాడట. పెద్ద యుద్ధం ముగిశాక ఆ ముగ్గురిలో ఈవిడ ఒక్కతే మేనమామ ఇంటికి తిరిగొచ్చింది. వీధిలో అందరికీ తెలిసింది అంతవరకే. మధ్యలో ఏమైందని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నారో, వింటే ఆ బరువు తామూ మోయాలని భయపడ్డారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆవిడకు ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం వంట కాగానే ఒక గిన్నెలో అన్నం, కూర పెట్టి ఎవరికో ఒకరికి ఇచ్చి వచ్చేది. రిక్షా అతనికి, పాచిపని చేసే ముసలమ్మకు, బడి నుంచి వచ్చే ఏ పిల్లకో. ఆ గిన్నె ఖాళీ అయి తిరిగొస్తే గాని తన కంచం ముందు కూర్చునేది కాదు. ఇదేం నోమని ఎవరైనా ఆటపట్టిస్తే, "ఇది మా అమ్మ వంతులెండి" అని నవ్వేసేది. పోయిన తల్లి పేరు మీద మొక్కుకుందేమో అనుకున్నాం. మా అమ్మ మాత్రం ఆ గిన్నె మా ఇంటికి వచ్చిన రోజున ఖాళీగా తిరిగి పంపేది కాదు, అందులో రెండు బెల్లం ముక్కలో గుప్పెడు పుట్నాలో వేసి ఇచ్చేది.

నాకు పదమూడో ఏడు వచ్చింది. ఆ ఏడే నాకు ఓణీ వేశారు. ఆ వానాకాలమే అమ్మకు కామెర్లు వచ్చాయి. ఆకు పసరు మింగించారు, చేతికి మంత్రించి కట్టించారు, చివరికి బెజవాడ ఆసుపత్రికీ తీసుకెళ్ళారు. అక్కడ లాభం లేదన్నాక ఇంటికి తెచ్చేశారు. ఒకరోజు తెల్లవారుతుండగా అమ్మ పోయింది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. పోయిందని నాకు వెంటనే తెలియలేదు. నాయనమ్మ గావుకేక పెట్టినప్పుడు తెలిసింది.

మా అన్నయ్య అప్పుడు భిలాయిలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి టెలిగ్రాం ఇచ్చారు. వాడు వచ్చిందాకా ఎత్తేది లేదన్నాడు నాన్న. రైళ్ళు సరిగ్గా నడవని రోజులవి, వాడు వచ్చేసరికి మర్నాడు సాయంత్రం అవుతుందని లెక్కేశారు. లారీలో ఊక కప్పిన ఐసు దిమ్మలు తెప్పించి అమ్మను నడవలో వాటి మీద పడుకోబెట్టారు. కరిగిన నీళ్ళు చుక్క చుక్కగా కింద పెట్టిన పళ్ళెంలోకి పడుతుండేవి. ఇన్నేళ్ళయినా ఎక్కడైనా కుళాయి కారుతుంటే నేను లేచి వెళ్ళి కట్టేసి వస్తాను.

ఇంట్లో శవం ఉండగా పొయ్యి వెలిగించరు. ఇంటివాళ్ళు మెతుకు ముట్టరు. అది మా వైపు పద్ధతి. పసిపిల్లల్ని మాత్రం పక్కిళ్ళవాళ్ళు తీసుకెళ్ళి ఏదో ఒకటి పెడతారు. మా తమ్ముణ్ణి ఎదురింటివాళ్ళు అలాగే చంకనేసుకుని తీసుకెళ్ళి ఇడ్లీలు పెట్టారు. నన్ను ఎవరూ పిలవలేదు. నాకు పెట్టొద్దని ఎవరూ అనుకోలేదు కూడా. ఓణీ వేసుకున్న పిల్లను గదా, ఆడవాళ్ళ వరసలో కూర్చోబెట్టేశారు. ఊళ్ళనుంచి వచ్చిన చుట్టాలు మాత్రం ఒకరి వెనక ఒకరు వీధి చివరికి వెళ్ళి కాఫీలు తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చి మళ్ళీ రాగం అందుకునేవాళ్ళు. నేను ఎవరు ఎప్పుడు వెళ్ళి వస్తున్నారో చూస్తూ కూర్చున్నాను.

మొదటి రోజంతా ఏడ్చాను. రెండో రోజు పొద్దున ఏడుపు ఆగిపోయింది, ఆకలి మొదలైంది. అలాంటి ఆకలి నాకు అంతకు ముందు తెలియదు. ఎవరింట్లోనో ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి పప్పు పోపు పెట్టారు. ఆ వాసనకు నా నోట్లో నీళ్ళు ఊరాయి. ఎదురుగా అమ్మ. ముక్కులో దూది, నుదుట పెద్ద బొట్టు. అమ్మ పక్కన కూర్చుని పప్పన్నం గురించి ఆలోచిస్తున్నానని తెలిసి నా మీద నాకే రోత పుట్టింది. ఓణీ కింద చెయ్యి పెట్టి తొడ గిల్లుకున్నాను. అయినా ఆకలి పోలేదు. ఇక ఈ జన్మలో అన్నం ముట్టను, అమ్మ దగ్గరికే పోతాను అని గట్టిగా అనుకున్నాను. పదమూడేళ్ళ పిల్ల అనుకునే మాటేగా అని ఎవరైనా నవ్వొచ్చు. నేను నిజంగానే అనుకున్నాను. మంచినీళ్ళు ఇవ్వబోతే కూడా తల అడ్డంగా ఊపాను.

అప్పుడు పక్కింటి అత్తయ్య వచ్చింది. వచ్చిన వాళ్ళంతా అమ్మ మొహం చూసేవాళ్ళు. ఆవిడ నా మొహం చూసింది. కాసేపు నిలబడి, నీళ్ళు మొయ్యడానికి పిల్లను కాస్త పంపమని నాయనమ్మను అడిగి, నా చెయ్యి పట్టుకుని పెరటి దారిన వాళ్ళింటికి తీసుకెళ్ళింది. బిందెలు నిండుగానే ఉన్నాయి. వంటింట్లో పీట వేసి ఉంది. పీట ముందు కంచంలో పెరుగన్నం, పక్కన మాగాయ ముక్క.

నాకు ఆకలిగా లేదన్నాను.

"నీ పొట్ట అరుపు నాకు అక్కడిదాకా వినపడతానే ఉంది తల్లీ," అంది.

దాంతో నాకు పట్టు తప్పింది. అమ్మ అక్కడ అలా ఉంటే నాకు ఆకలేస్తోందని, నేను మనిషినే కాదని, నాకు అమ్మంటే ప్రేమ లేదేమోనని వెక్కుతూ ఏదేదో చెప్పాను. ఊరుకోమ్మా అంటుందనుకున్నాను. ఆవిడ వెళ్ళి వంటింటి గుమ్మం మీద, సరిగ్గా గడప మధ్యలో కూర్చుంది. వీపు నా వైపు, మొహం పెరటి వైపు. పైట కొంగు విప్పి ఒక చేత్తో ద్వారబంధం దాకా పరిచి పట్టుకుంది. బయటినుంచి ఎవరు వచ్చినా నేను కనపడను. అంత దుఃఖంలోనూ నాకు ముందు తోచింది, అయ్యో గడప మీద కూర్చుందే, నాయనమ్మ చూస్తే ఏమంటుందో అని.

అలా కూర్చుని, వెనక్కి తిరక్కుండా, పెరట్లో అరటిచెట్టుకు చెబుతున్నట్టుగా ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.

వాళ్ళ రబ్బరు తోటకు జపాను సైనికులు వచ్చేనాటికి ఆవిడకు నా వయసేనట. ఎక్కడో రైలుదారి వేస్తున్నారు, మూడు నెలల పని, మంచి కూలి, కడుపునిండా తిండి అని చెప్పి తోటలో వాళ్ళందరినీ గూడ్సు పెట్టెల్లో ఎక్కించారట. దిగాక సయాం దేశపు అడవుల్లో రోజుల తరబడి నడక. కాళ్ళు ఆడనివాళ్ళు దారిలోనే ఆగిపోయారు. ఆగినవాళ్ళ కోసం ఎవరూ ఆగలేదు. చివరికి చేరింది ఒక క్యాంపు. వెదురు పాకలు, వాటికి గోడల్లేవు, పడుకునే వెదురు తడికెల కింద మడమల లోతు బురద. కంచె లేదట. చుట్టూ ఉన్న అడవే కంచె. పారిపోయినవాళ్ళలో కొందరు ఆకలికి తట్టుకోలేక తామే తిరిగొచ్చి దెబ్బలకు వీపు అప్పగించేవాళ్ళట.

పొద్దున్నే రైలు పట్టా ముక్క మీద ఇనప కడ్డీతో కొడితే లేవాలి. మొగవాళ్ళు కొండను తవ్వడం, ఆడవాళ్ళు, పిల్లలు మట్టి తట్టలు కట్ట మీదికి మొయ్యడం. వానలో ఆ కట్ట జారిపోయేది, మళ్ళీ మొయ్యాలి. తట్ట కింద పడేస్తే చెంప పగిలేది. మొదట్లో మా ఊరు, మీ ఊరు అని మాట్లాడుకునేవాళ్ళట. ఆ తరవాత అన్నం సంగతి తప్ప ఇంకో మాట ఉండేది కాదట.

వాళ్ళ నాన్నకు కలరా తగిలింది. జబ్బు మనుషుల్ని దూరంగా ఒక పాకలో పడేసేవాళ్ళు. ఆ పాకలోకి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం ఆవిడ చూడలేదు.

"మా నాన్న పోయాడని నాకెవరూ చెప్పలా. కొన్నాళ్ళకి ఆయన పంచె ఇంకొకాయన కట్టుకుని పనికొచ్చాడు. అంచు చూసి గుర్తుపట్టా. నేనేమీ అన్లేదు. ఆయనకీ చలేగా."

ఆ తరవాత తల్లీ కూతురూ ఇద్దరే మిగిలారు. తల్లికి కాలి మీద పుండు పడి, కుళ్ళి, లేవలేకపోయింది. పనికి రానివాళ్ళకు అన్నం సగమే. పురుగుల బియ్యం, ముల్లంగి ఉడికించిన నీళ్ళు. ఆ సగంలోనూ తల్లి తన డబ్బాలోంచి తీసి కూతురి డబ్బాలో వేసి, నాకు సయించడం లేదే అనేదట. కూతురు నమ్మినట్టు నటించి తినేది. నమ్మలేదని నాతో ఒప్పుకుంది అత్తయ్య. అరటాకు మీద ఉడుత పరిగెత్తింది. నేను ఏడవడం మానేసి వింటున్నాను.

ఒకరోజు పొద్దున లేపితే అమ్మ లేవలేదట. అదే సమయానికి పట్టా ముక్క మీద కొట్టారు. అమ్మ పోయిందని చెప్పిన మరుక్షణం అమ్మ వంతు అన్నం ఆగిపోతుంది. ఈవిడ తల్లి మీద గోనెపట్టా మెడదాకా లాగి కప్పి, రెండు డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడింది. అన్నం పెట్టేవాడు అమ్మ ఏదని అడిగితే, పడుకుందని చెప్పింది. రెండు డబ్బాలతో తిరిగొచ్చి అమ్మ పక్కనే కూర్చుంది. ముందు తన డబ్బా తిన్నది. తరవాత అమ్మ డబ్బా వైపు చూసింది. పైన వాన పడుతోంది. చెయ్యి పెట్టింది.

"తింటా తల ఎత్తేసరికి పక్క తడికె మీద అరవావిడ నన్నే చూస్తా ఉంది. ఆవిడ పిల్లలు అందరూ అప్పటికే పోయారు. నిన్నటిదాకా మా అమ్మతో మాట్లాడిన మనిషి, ఆవిడకి తెలియకుండా ఉంటుందా? అరుస్తుందనుకున్నా. నా డబ్బా లాక్కుంటుందనుకున్నా. ఆవిడ లేచొచ్చి, నాకు అడ్డంగా, ఇదుగో ఇట్టా వీపు పెట్టి కూర్చుని, చిరిగిన చీర చెంగు ఇట్టా పట్టుకుంది. వెనక్కి తిరిగి చూడకుండా సాప్పిడమ్మా అంది. తిను అని. ఆవిడ కడుపులో కూడా ఏమీ లేదు. నేను మొత్తం తిన్నదాకా అట్టాగే కూర్చుంది."

తరవాత ఆ అరవావిడే వెళ్ళి చెప్పింది. క్యాంపు వాళ్ళు వచ్చి తల్లిని ఎత్తుకుపోయారు. ఆ వానలో నిప్పు ఎక్కడిది? గోతిలో నలుగురితో పాటు వేసి మట్టి లాగారు. ఈవిడ ఆ పూట కూడా మట్టి తట్ట మోసింది.

అంతా విన్నాక ఆవిడ వీపు వైపు చూస్తూ కూర్చున్నాను. రవికె మీద చెమట మరక ఉంది. ఓదార్చడం నాకు చేతకాదు, ఆవిడ ఓదార్చమనీ అడగలేదు.

"ఆ అన్నం ఎట్టా ఉందో తెలుసా?" అంది. "కమ్మగా ఉంది. ఇన్నేళ్ళుగా సన్నబియ్యం తింటన్నా, నేతులు పోసి వడ్డించిన పెళ్ళిభోజనాలు తిన్నా. అంత కమ్మటి అన్నం మళ్ళీ ఎరగను. ఏడవాల్సిన చోట కమ్మగా ఉందేంటని, అదే నన్ను ఇప్పటిదాకా కాల్చుకు తింటా ఉంది. నీకూ కమ్మగానే ఉంటుంది. ఉండనీ. దానికి ఏడవమాక. మీ అమ్మ కోసం ఏడువు, చాలు. నాలాగా చేసుకోమాక."

నేను కంచంలో చెయ్యి పెట్టాను. పెరుగు చల్లగా తగిలింది. మొదటి ముద్ద గొంతులో అడ్డంపడింది, రెండోది దిగింది. ఆ తరవాత గబగబా, సిగ్గులేకుండా, మాగాయ టెంక చప్పరించి మరీ తిన్నాను. కమ్మగా ఉంది. తింటూ ఏడ్చాను, ఈసారి అమ్మ కోసమే ఏడ్చాను. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నేను చెయ్యి కడుక్కున్నాక లేచి, కొంగు సర్దుకుని, "ఇది నీకూ నాకూ మధ్యనే. మీ మామయ్యకి కూడా చెప్పలా," అంది.

ఇంటికి వెళ్ళి కూర్చున్నానో లేదో నాయనమ్మ నా చేతి వాసన పట్టేసింది. అంతమందిలో లేచి, నా వెనకే వచ్చిన పక్కింటి అత్తయ్యను నిలదీసింది. "తల్లి శవం లేవకముందే కన్నబిడ్డ చేత ముద్ద తినిపిస్తావా? నీకు తెలియకపోతే తెలిసినవాళ్ళను అడగొద్దూ? నీకు పిల్లలుంటే తెలిసేది!"

ఆ చివరి మాటకు నాకు ఒళ్ళు మండింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. అత్తయ్య నా వైపు ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

"నేనే పెట్టానండీ పిన్నిగారూ. పిల్ల వద్దనే అంది. పాపమేమన్నా ఉంటే అది నాకే తగలనివ్వండి," అంది ఆవిడ మెల్లగా.

స్తంభానికి ఆనుకుని రెండు రోజులుగా తల వంచుకుని కూర్చున్న నాన్న అప్పుడు తల ఎత్తాడు. నా మొహం చూశాడు, ఆవిడ మొహం చూశాడు. "ఊరుకో అమ్మా," అన్నాడు. మా నాయనమ్మను ఊరుకోమని నాన్న అనడం నేను విన్నది ఆ ఒక్కసారే.

పొద్దు వాలుతుండగా అన్నయ్య చిల్లకల్లు దగ్గర బస్సు దిగి ఏదో లారీ పట్టుకుని వచ్చాడు. అమ్మను తీసుకెళ్ళిపోయారు. పెద్దకర్మకు నాయనమ్మ వీధంతా పిలిచి పక్కింటిని మాత్రం వదిలేసింది. అత్తయ్య గిన్నె మళ్ళీ మా వీధి గుమ్మం తొక్కలేదు. పెరటి గోడ మీదనుంచి మాత్రం వారానికోసారి వచ్చేది. అందుకునేటప్పుడు నాకు అమ్మ జ్ఞాపకం వచ్చేది, బెల్లం ముక్క వేసి ఇచ్చేదాన్ని. "మీ నాయనమ్మకి తెలిస్తే మనిద్దర్నీ గోడకేసి కొడుతుంది," అని ఆవిడ నవ్వేది. మలయా మాట మాత్రం మా మధ్య మళ్ళీ రాలేదు.

నన్ను నందిగామ ఇచ్చారు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక, ఎనభైల చివర్లో, ఒకరోజు పొద్దున తమ్ముడు మా వీధి కొట్టుకు ఫోను చేసి పక్కింటి అత్తయ్య పోయిందని చెప్పాడు. నేను అప్పుడే పొయ్యి మీద అన్నం దించాను. ఆ అన్నంలోనే పెరుగు కలిపి, మాగాయ ముక్క పెట్టి, కేరేజీలో సర్దుకుని బస్సెక్కాను. చావింటికి కేరేజీ ఏమిటని మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు.

అత్తయ్యను నడవలో పడుకోబెట్టారు. హైదరాబాదు నుంచి మేనమామ కొడుకు రావాలని ఆపారు. చిన్నగా అయిపోయింది మనిషి. నేను ఏడ్చింది ఏడ్చి తల తిప్పి చూస్తే, మామయ్య గోడవారగా ఒక్కడే కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. వచ్చినవాళ్ళంతా ఆవిడ మొహం చూసి వెళుతున్నారు. ఆయన పెదాలు ఎండిపోయి, వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు దుఃఖానిది మాత్రమే కాదని నాకు తెలుసు. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి నడిపించి, అదే పీట మీద కూర్చోబెట్టి, కంచంలో అన్నం పెట్టాను.

"వద్దమ్మా. ఆవిడ అక్కడ ఉంటే..." అన్నాడు.

"ఇది అత్తయ్య వంతు మామయ్యా," అన్నాను.

వెళ్ళి గడప మీద కూర్చున్నాను. వీపు ఆయన వైపు పెట్టి, కొంగు ద్వారబంధం దాకా పట్టుకుని, పెరట్లోకి చూస్తూ కూర్చున్నాను. అరటిచెట్టు ఎప్పుడో పోయింది, దాని చోట ఎవరో సైకిలు నిలబెట్టారు. చాలాసేపటికి కంచంలో చెయ్యి కదిలిన చప్పుడైంది. ఒక ముద్ద. మరొకటి. ఇంతలో ఆయన ఒక్కసారిగా బావురుమన్నాడు. "కమ్మగా ఉందమ్మా," అన్నాడు, ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలాగా.

"ఉంటుంది మామయ్యా. తినండి," అన్నాను.

ఆ తరవాత ఆయన కూడా పోయాడు కాబట్టే, అత్తయ్య ఆయనకూ చెప్పని ఈ సంగతంతా ఇప్పుడు రాస్తున్నాను. ఇవాళ చావిళ్ళలో ఐసు దిమ్మల బదులు గాజుపెట్టెలు వచ్చాయి, కాఫీలు ఇంటి ముందుకే వస్తున్నాయి. అయినా ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు మిగిలిపోతారు. తీసుకెళ్ళి పెట్టడానికి పసిపిల్ల కాదు, లేచి వెళ్ళి కాఫీ తాగి రావడానికి పెద్దదీ కాదు. లేదంటే గోడవారగా కూర్చున్న ముసలాయన. నేను వెళ్ళిన చోటల్లా ముందు ఆ మనిషి ఎక్కడున్నారా అని వెతుకుతాను. నా సంచిలో పెరుగన్నం డబ్బా ఉంటుంది. మోకాళ్ళు సహకరించవు, ద్వారబంధం పట్టుకుని మెల్లగా గడప మీదికి దిగుతాను. లేవండి, గుమ్మం మీద కూర్చోకూడదు అని ఎవరో అంటూనే ఉంటారు. వినపడనట్టు బయటికి చూస్తూ ఉంటాను. వెనక కంచంలో చెయ్యి కదిలిన చప్పుడయ్యేదాకా లేవను.